పాలు మాన్పించే హక్కు ఎవరిది?

కడప జిల్లా నుండి ఒక పెద్దాయన వ్రాసిన లేఖ గత నెల మాకు అందింది. ఆయన కుమార్తెకు తలాఖ్ అయింది. ఒడిలో తొమ్మిది నెలల బిడ్డ ఉంది. బిడ్డ తండ్రి ఇంతవరకూ ప్రతి నెలా కొంత సొమ్ము పంపుతూ వచ్చాడు. ఇప్పుడు జమాఅత్ పెద్దల ద్వారా కబురు చేశాడు: "బిడ్డకు పళ్లు వస్తున్నాయి, ఇక ఆవు పాలు పట్టవచ్చు. తల్లిపాలతో పని లేదు గనుక వచ్చే నెల నుండి నేను ఇవ్వవలసిందేమీ లేదు." పెద్దల్లో ఇద్దరు దీనికి తలూపారట. పాలు మాన్పించడానికి షరీఅత్‌లో గడువు ఉందా, ఈ వయసు బిడ్డకు ఆవు పాలు సరిపోతాయా అని ఆయన అడిగారు.

మొదటి ప్రశ్న ఆలిమ్‌ను అడగవలసినది, రెండవది వైద్యుణ్ణి అడగవలసినది. రెండవదానికి పిల్లల వైద్యుల నుండి తెలుసుకున్నదే ఇక్కడ వ్రాస్తున్నాము.

బఖరా సూరాలోని 233వ ఆయత్ ఏ చోట ఉందో ముందుగా గమనించాలి. దానికి ముందు తలాఖ్ ఆదేశాలున్నాయి, తరువాత వితంతువు ఇద్దత్ ఆదేశం ఉంది. అంటే పాలు త్రాగే బిడ్డ ప్రస్తావన కాపురం విడిపోయే ఘట్టం నడుమ వచ్చింది. ఎందుకంటే పసిబిడ్డకు అన్యాయం జరిగే అవకాశం అక్కడే ఎక్కువ. పాలగడువును పూర్తి చేయదలచిన వారికి అల్లాహ్ అందులో నిండు రెండేళ్లు నిర్ణయించాడు. పాలిచ్చే తల్లి తిండి, బట్టల బాధ్యతను వాడుక ప్రకారం తండ్రిపై ఉంచాడు. బిడ్డను అడ్డం పెట్టుకుని తల్లినిగానీ తండ్రినిగానీ బాధించరాదన్నాడు. తండ్రి లేని పక్షంలో వారసునిపై కూడా ఇదే బాధ్యత మోపాడు. రెండేళ్లకు ముందే పాలు మాన్పించదలిస్తే తల్లిదండ్రులు ఇరువురూ సమ్మతించి, పరస్పరం సంప్రదించుకొని చేస్తే దోషం లేదని సెలవిచ్చాడు.

ఇక్కడ రెండు షరతులున్నాయి: సమ్మతి, సంప్రదింపు. రెండూ ఇరువురివి. తండ్రి ఒక్కడు కబురు పంపడం సంప్రదింపు కాదు, పెద్దలు తలూపడం తల్లి సమ్మతి కాదు. పాలు త్రాగే బిడ్డ తనంతట తాను నోరు విప్పి అడగలేదు గనుక ఇద్దరు మనుషులు కలిసి ఆలోచించాలన్న కట్టడి అల్లాహ్ పెట్టాడని మేము గ్రహిస్తాము. తలాఖ్ పొందిన తల్లి బిడ్డకు పాలిస్తుంటే ఆమెకు ప్రతిఫలం చెల్లించమని తలాఖ్ సూరా 6వ ఆయత్ కూడా స్పష్టంగా ఆదేశిస్తోంది.

ఆ తండ్రి గమనించని సంగతి మరొకటి ఉంది. ఇరువురూ ఇష్టపడి పాలు మాన్పించారనే అనుకుందాం. అప్పుడు తల్లికిచ్చే ప్రతిఫలం ఆగుతుందేమో గానీ బిడ్డ పోషణ ఆగదు. ఆ ఆవు పాలు కొనే డబ్బు కూడా తండ్రిదే.

ఇక వైద్యుల మాట. మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మరేదీ వద్దనీ, ఆ తరువాత ఇంటి ఆహారం మొదలుపెట్టి రెండేళ్ల వరకు, ఆ పైన కూడా తల్లిపాలు కొనసాగించవచ్చనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఏడాది నిండక ముందు ఆవు పాలను ప్రధాన ఆహారంగా పట్టవద్దని మన పిల్లల వైద్యులు అంటున్నారు. ఆవు పాలలో ఇనుము చాలా తక్కువ, ఉన్నదాన్ని కూడా పసిబిడ్డ ఒళ్లు సరిగా పట్టించుకోలేదు. మాంసకృత్తులు తల్లిపాలలో కంటే సుమారు మూడింతలు. ఆ భారం లేత మూత్రపిండాలపై పడుతుంది. కొందరు శిశువుల్లో పేగుల నుండి కంటికి కనబడనంత కొద్దికొద్దిగా రక్తం పోతుంది. బిడ్డ బొద్దుగానే కనిపిస్తుంది, లోపల మాత్రం రక్తహీనత పెరుగుతుంది. నీళ్లు కలిపి పలుచన చేస్తే సరిపోతుందని మన ఇళ్లలో అనుకుంటారు. నీళ్లు కలిపితే బలం తగ్గుతుంది, ఇనుము మాత్రం రాదు. ఉగ్గులో కొద్దిగా పాలు కలపడం, కాస్త పెరుగన్నం తినిపించడం వేరు సంగతి. ఏడాదిలోపు తల్లిపాలు నిజంగా దొరకని బిడ్డకు వైద్యుని సలహాతో, కొలత తప్పకుండా డబ్బా పాలు పట్టాలి. అయితే దుకాణదారుని మాటతో డబ్బా కొనకండి. రెండేళ్లలోపు పిల్లల పాలపొడులకూ, పాలసీసాలకూ ప్రచారం చేయడాన్ని 1992 నాటి చట్టం, 2003లో దానికి చేసిన సవరణ నిషేధించాయి.

సొమ్ము కోసం పాలు మాన్పించడం కొత్త విషయమేమీ కాదు. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో పాలు మానిన పిల్లలకే బైతుల్ మాల్ నుండి భృతి అందేది. ఒక రాత్రి మదీనా శివార్లలో బస చేసిన వర్తక బృందానికి ఆయన, హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) కాపలా కాశారు. ఒక బిడ్డ ఎడతెగకుండా ఏడుస్తోంది. ఉమర్ (రజి) పలుమార్లు వెళ్లి తల్లిని మందలించారు. ఆయన ఎవరో ఎరుగని ఆ తల్లి విసిగి అసలు సంగతి చెప్పింది: ఖలీఫా పాలు త్రాగే పిల్లలకు భృతి ఇవ్వడు గనుక బిడ్డ చేత పాలు మాన్పిస్తున్నాను అని. ఆనాటి ఫజ్ర్ నమాజులో ఉమర్ (రజి) ఏడ్పు వలన ఆయన ఖిరాఅత్ జనానికి సరిగా వినబడలేదని చరిత్రకారులు వ్రాశారు. పిల్లల చేత తొందరపడి పాలు మాన్పించవద్దనీ, ఇకపై పుట్టిన ప్రతి బిడ్డకూ భృతి ఉంటుందనీ ఆయన చాటింపు వేయించారు. అంత పెద్ద రాజ్యాన్ని ఏలే ఖలీఫా ఒక బిడ్డ పాల కోసం తన కట్టడిని మార్చుకున్నారు. జమాఅత్ పెద్దలు ఈ సంఘటనను ఆ తండ్రికి చదివి వినిపించాలని, ఆపైన తమ తీర్పును తిరగదోడాలని మేము కోరుతున్నాము.

ఈ సందర్భంగా మన ఇళ్లలో తిరిగే కొన్ని మాటలు. ఆడపిల్లకు ఒక గడువు, మగపిల్లవాడికి ఒక గడువు అంటారు. షరీఅత్‌లో అటువంటి తేడా లేదు. తల్లి మళ్లీ గర్భవతి అయితే ఆమె పాలు విషమైపోతాయంటారు. పాలిచ్చే కాలంలో దాంపత్యాన్ని వారించాలని దైవప్రవక్త (స) ఒక దశలో తలచి, రోమన్లు, పర్షియన్లు అలాగే ఉంటున్నా వారి పిల్లలకు హాని కలగడం లేదని గమనించి ఆ ఆలోచన మానుకున్నట్లు సహీహ్ ముస్లింలో ఉంది. గర్భవతి పాలివ్వడం కూడా దీని కిందికే వస్తుందని కొందరు పండితులు వివరించారు. తల్లి నీరసంగా ఉంటే, కాన్పు చిక్కు ఉంటే వైద్యుణ్ణి అడగండి. ఇరుగుపొరుగును కాదు.

ఏడాది నిండాక ఆవు పాలైనా గేదె పాలైనా కాచి, గ్లాసుతోనో గిన్నెతోనో పట్టవచ్చు, సీసా అక్కర్లేదు. రోజుకు అరలీటరు దాటనివ్వకండి. పాలతోనే కడుపు నింపుకున్న బిడ్డ అన్నం ముట్టదు. గుడ్డు, పప్పు, ఆకుకూర, మెత్తగా ఉడికించిన మాంసం, వీలైతే కాస్త కార్జం పెడితే పాలలో లేని ఇనుము వాటి నుండి అందుతుంది. తల్లిపాలు ఒక్కసారిగా ఆపి, రొమ్ముకు వేపాకు రాసి బిడ్డను హడలగొట్టడం కంటే పగటి పాలు ఒక పూట, మరికొన్ని రోజులకు ఇంకో పూట తగ్గిస్తూ రావడం తల్లికీ బిడ్డకీ సుఖం.

రెండేళ్లంటే చాంద్రమాన సంవత్సరాలు. హిజ్రీ ఏడాదికి 354 రోజులే గనుక ఇంగ్లీషు తేదీ ప్రకారం రెండవ పుట్టినరోజుకు సుమారు 22 రోజుల ముందే గడువు నిండుతుంది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) గడువును 30 నెలలన్నారు. ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ రెండేళ్లన్నారు, ఫత్వా వారి మాటపైనే ఉంది. బలహీనంగా ఉన్న బిడ్డ కొన్ని వారాలు ఆలస్యంగా పాలు మానితే ఆ తల్లిని మహాపాపం చేసినట్లు నిలదీయవలసిన పని లేదు.