ఎన్నికల ఖర్చు ఖజానా భరిస్తే ఎవరికి చేరాలి?

2024 మే 7న గుజరాత్‌లోని 25 లోక్‌సభ స్థానాల్లో పోలింగ్ జరిగింది. 26వ స్థానమైన సూరత్‌లో జరగలేదు. ఏప్రిల్ 21న కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్‌ను తిరస్కరించారు. పత్రాలపై ఉన్న సంతకాలు తమవి కావని ప్రతిపాదకులే చెప్పారు. మర్నాటికి బీఎస్పీ అభ్యర్థితో సహా మిగిలినవాళ్లంతా తప్పుకున్నారు. బీజేపీ అభ్యర్థి ముకేశ్ దలాల్ పోటీ లేకుండా గెలిచారు. తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేత కార్మికుల్లో ఆ సీటులో ఓటున్నవాళ్లకు, వజ్రాలు సానపట్టే కార్మికులకు నోటా నొక్కే అవకాశం కూడా దక్కలేదు.

ఎవరు ఎందుకు తప్పుకున్నారో రుజువు లేకుండా మనం చెప్పలేం. అయితే సొంత బలం లేని అభ్యర్థి చివరిదాకా బరిలో నిలవడం ఎంత కష్టమో మన కార్యకర్తలకు ఎవరూ చెప్పక్కర్లేదు. పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 95 లక్షల రూపాయలు. పార్టీ పెట్టే ఖర్చుకు పరిమితే లేదు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థి కట్టే 12,500 రూపాయల డిపాజిట్, చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే పోతుంది.

అందుకే ఎన్నికల ఖర్చును ప్రభుత్వమే భరించాలన్న వాదనను మనం సమర్థించాలి. కానీ ఏ పద్ధతిలో అన్నది అడగాలి. 1998లో ఇంద్రజిత్ గుప్తా కమిటీ డబ్బు రూపంలో కాకుండా వస్తు, సౌకర్యాల రూపంలో సాయం చేయమంది. అదీ గుర్తింపు పొందిన పార్టీలకే. అంటే ఇప్పటికే నిలదొక్కుకున్నవాళ్లకే. కొత్త బహుజన పార్టీ, బస్తీ నుంచి వచ్చిన స్వతంత్ర అభ్యర్థి మళ్లీ గేటు బయటే. పాత ఓట్ల లెక్కన పంచినా ఫలితం ఇదే.

ఖజానాకు భారమంటారు. పార్టీలకు చందాలిచ్చే కంపెనీలకు, వ్యక్తులకు ఆదాయపు పన్ను చట్టంలో మినహాయింపు ఎప్పటినుంచో ఉంది. అదీ ప్రజాధనమే. దాతకు ఇవ్వగలిగినది పేద అభ్యర్థికి ఎందుకు ఇవ్వకూడదు? ఎలక్టోరల్ బాండ్లను 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసినా, పెద్ద చందాల దారి మూసుకుపోలేదు.

మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. నియోజకవర్గంలో నిర్ణీత సంఖ్యలో ఓటర్ల మద్దతు చూపిన ప్రతి అభ్యర్థికీ కరపత్రాలు, సభాస్థలం, వాహనం, పోలింగ్ ఏజెంట్ల భత్యం ప్రభుత్వమే ఇవ్వాలి. మధ్యలో తప్పుకుంటే ఆ ఖర్చు వసూలు చేయాలి. పార్టీల ఖర్చుకూ పరిమితి పెట్టాలి. లేకపోతే ఉన్న డబ్బుకు సర్కారు డబ్బు తోడవడమే. ఒక్కరే మిగిలినా నోటాతో పోలింగ్ జరగాలి.

రాజకీయాల్లో సమానత్వం, బతుకులో అసమానత్వం అనే వైరుధ్యం గురించి బాబాసాహెబ్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో హెచ్చరించారు. ఓటు హక్కు ఉండి, ఓటేసే రోజే లేకుండా పోయిన సూరత్ ఆ హెచ్చరికను మళ్లీ గుర్తుచేసింది. మనవాళ్లు నామినేషన్ వేయడంతో పని అయిపోదు. పోలింగ్ రోజు దాకా నిలబడగలిగే ఏర్పాటు చట్టంలో ఉండాలి.