అవ్వ మరచినది తెలుగునేనా?



మన బేరిగైలో ఇంట తెలుగు, బడిలోను కార్యాలయాల్లోను తమిళం, ఇరుగుపొరుగున కన్నడం వినిపిస్తాయి. అందుచేత ఇంటి పెద్దలు మాటకు తడుముకుంటే "తమిళం కలిసి తెలుగు మరచిపోయారు" అని సరిపెట్టుకుంటాము. పిల్లలు నవ్వుతారు. ఈ సరిపెట్టుకోవడం ఒక్కొక్కప్పుడు జబ్బును దాచివేస్తుంది.

చేట అనే మాట తోచక అవ్వ "మొరం" అన్నదనుకోండి. అది భాషల కలయికే. ఒక భాషలో తట్టని మాట మరొక భాషలో తట్టింది. అట్లుగాక, ఏ భాషలోను పేరు తోచక "అదే, రాగులు చెరిగేది" అనడం నెలనెలకు పెరుగుతూ ఉంటే ఉపేక్షించరాదు. "చేట అంటే ఏమిటి?" అని అవ్వే అడిగితే మరింత జాగ్రత్త అవసరం. జ్ఞాపకము, ఇంటిపనులు మొదట బాగానే ఉండి, మాట మాత్రమే క్రమంగా తరిగిపోయే మెదడు వ్యాధి ఉన్నది. అమెరికాలో వైద్యుడు మార్సెల్ మెసులం 1982లో ఇటువంటి ఆరుగురు రోగులను వర్ణించారు. ప్రైమరీ ప్రోగ్రెసివ్ అఫేజియా అని దీని పేరు. మాట హఠాత్తుగా పడిపోతే మాత్రం అది పక్షవాతం కావచ్చును. క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇక, పలు భాషలే ఈ చేటుకు కారణమని ఇంట తెలుగు మానిపించకండి. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకే భాష తెలిసినవారి కంటే రెండు లేదా అంతకు మించి భాషలు తెలిసినవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. చదువురానివారిలోను ఈ తేడా కనిపించింది.

వైద్యుని వద్దకు వెళ్లినపుడు అవ్వ ఇంటి భాష తెలుగని ముందే చెప్పండి. తమిళంలోనో ఇంగ్లీషులోనో ప్రశ్నిస్తే, ఎన్నడూ నేర్వని మాట కూడ మరచిన మాటగా లెక్కకు వస్తుంది. బెంగళూరు నిమ్హాన్స్ మనకు దూరమేమీ కాదు. ఈ జబ్బును పూర్తిగా నయం చేసే మందు లేదు. అయినను ముందుగా తెలిస్తే మాట అభ్యాసంతో కొంతకాలం నిలుపుకోవచ్చును. ఇంటివారు విసుగుకొనక ఓర్పుతో మెలగుతారు.

ఉపాధ్యాయ మిత్రులారా! ఇంటి వస్తువుల పేర్లు అవ్వాతాతలను అడిగి వ్రాసుకు రమ్మని పిల్లలకు చెప్పండి. పిల్లలకు మాటలు వస్తాయి. అవ్వకు ఏ మాట తట్టలేదో కూడ ఇంట తెలుస్తుంది. అప్పుడు నవ్వకూడదని మాత్రం ముందే నేర్పండి.