మైకు లేని మజ్లిస్

మొన్న శుక్రవారం మధ్యాహ్నం, పప్పుచారు తిని నడుం వాలుద్దామనుకుంటుండగా కాలిఫోర్నియా నుంచి మా ఇంజనీరింగు స్నేహితుడి ఫోను. గొంతులో ఉత్సాహం పొంగిపోతోంది. వాళ్ళ ఊరి సిటీ కౌన్సిల్ మీటింగుకి వెళ్ళి, పిల్లల బడి దగ్గర రోడ్డు దాటే చోట సిగ్నల్ కావాలని మాట్లాడాడట. రెండు నిమిషాలిచ్చారట. ఎదురుగా ఆకుపచ్చ దీపం, తర్వాత పసుపుది, ఎరుపు వెలగ్గానే కూర్చోవాలి.

"నీకక్కడ ఓటు లేదు కదరా, హెచ్ వన్ మీదున్నావు. ఎలా మాట్లాడనిచ్చారు?" అన్నాను.

"ఓటుతో పనేముంది? నేనక్కడ ఉంటున్నాను కదా" అన్నాడు, అదేదో చాలా మామూలు విషయమైనట్టు.

మామూలు విషయమే, అక్కడ. కాలిఫోర్నియాలో 1953లో వచ్చిన బ్రౌన్ యాక్ట్ అనే చట్టం ఉంది. తర్వాతి సవరణలతో కలిపి అది చెప్పేది ఇదీ: మామూలు సమావేశానికి 72 గంటల ముందే అజెండా అందరికీ కనిపించేలా పెట్టాలి, అందులో జనం మాట్లాడటానికి చోటుండాలి. "జనం" అంటే జనమే. పౌరులా కాదా అని అడగరు. పేరు చెప్పడం కూడా తప్పనిసరి కాదు. మనవాళ్ళు గుడి కట్టాలన్నా, పార్కింగ్ పెంచాలన్నా అలాంటి సమావేశాల్లోనే నిలబడి ఇరుగుపొరుగుని ఒప్పించుకుంటారు.

ఫోను పెట్టేశాక నిద్ర పట్టలేదు. పదకొండేళ్ళుగా ముహర్రక్‌లో ఉంటున్నాను. "నేనిక్కడ ఉంటున్నాను కదా" అనే మాట నేనెప్పుడైనా, ఎవరితోనైనా అన్నానా?

ముహర్రక్ అంటే చాలామందికి బహ్రెయిన్ విమానాశ్రయం ఉన్న ద్వీపం, అంతే. ఒకప్పుడు రాజధాని ఇదే. ముత్యాల వేటతో బతికిన ఊరు. ఆ వ్యాపారం తాలూకు ఇళ్ళు, కోట, తీరం అన్నీ కలిపి 2012లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. మూడున్నర కిలోమీటర్ల దారి, మలుపుల్లో ముత్యాల్లాంటి తెల్లటి గుండ్రటి దీపాలు. పాత ఊరిని బాగుచేసిన ఆ పనికి 2019లో ఆగాఖాన్ అవార్డు కూడా వచ్చింది. ఆ సందుల్లోనే మనవాళ్ళూ ఉంటారు. జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాలు. ఏసీ మెకానిక్కులు, తాపీ పనివాళ్ళు, డ్రైవర్లు, నాలాంటి కంప్యూటర్ కూలీలు కొందరు.

ఇక్కడా మునిసిపల్ కౌన్సిల్ ఉంది. 2002 మే నెలలో మొదటి ఎన్నికలు జరిగాయి, నాలుగేళ్ళకోసారి జరుగుతున్నాయి. 2010లో దేశంలోనే ఎన్నికల్లో గెలిచి మునిసిపల్ కౌన్సిల్‌లో కూర్చున్న మొదటి మహిళ ఫాతిమా సల్మాన్ ఈ ముహర్రక్ నుంచే. రోడ్లు, పార్కులు, చెత్త, కొత్త కట్టడాలు, ఎక్కడ ఏముండాలన్నది కౌన్సిల్లో చర్చకొస్తుంది. తీర్మానం మంత్రిత్వశాఖకి వెళ్తుంది. మర్నాడు పేపర్లో వార్త వస్తుంది, మనం టీ తాగుతూ చదువుతాం.

ఓటు సంగతి కాస్త తమాషాగా ఉంటుంది. 2002 నాటి చట్టం ప్రకారం మునిసిపల్ ఎన్నికల్లో విదేశీయులకూ ఓటుంది, ఇక్కడ స్థిరాస్తి ఉంటే. అంటే అమ్వాజ్ దీవుల్లో ఫ్లాటు కొనుక్కున్న విదేశీయుడికి ఓటు వేసే అర్హత వస్తుంది. పాత ఊళ్ళో ఇరవై ఏళ్ళు అద్దెకున్నవాడికి రాదు. తప్పుపట్టడం లేదు, ఏ దేశం లెక్క ఆ దేశానిది. ఓటు ఎవరికివ్వాలో వాళ్ళిష్టం. కానీ ఓటు వేరు, మాట వేరు అన్నది నా వాదన. ఓటు నిర్ణయిస్తుంది, మాట తెలియజేస్తుంది. సందులో దీపం వెలగడం లేదని చెప్పడానికి పాస్‌పోర్టు రంగు దేనికి?

ఈ తేడా ఎక్కడ గుచ్చుకుంటుందంటే, "బ్యాచిలర్ల" గురించి చర్చ వచ్చినప్పుడు. కుటుంబాలుండే వీధుల్లో ఒంటరి మగ కూలీల గదులుండకూడదని కౌన్సిల్లో ఏళ్ళ తరబడి అంటూనే ఉన్నారు. ఊళ్ళో పెళ్ళాం, ముగ్గురు పిల్లలు ఉన్నా సరే, ఇక్కడ ఒంటరిగా ఉంటే మనిషి బ్యాచిలరే :-) స్థానికుల బాధా నిజమే. తాతల నాటి ఇంటిని ముక్కలు చేసి గదికి పదిమందిని కుక్కితే పాత వైర్లు వేడెక్కుతాయి, అగ్గి అంటుకుంటుంది. ఇంటి ముందు ఆడపిల్లలు తిరగలేని పరిస్థితి అంటారు. అదంతా వినాల్సిందే. కానీ ఆ చర్చలో ఆ గదుల్లో ఉండేవాడి గొంతు ఒక్కటీ వినపడదు. వాడు సమస్యగా చర్చకొస్తాడు, మనిషిగా రాడు.

సరే, నా అనుభవం చెప్తాను. రెండేళ్ళ కిందటి మాట. మా వెనక సందు చివర ఒక ఖాళీ స్థలం ఉండేది. దాన్ని పార్కింగుకి మార్చి చుట్టూ గోడ కడతారని తెలిసింది. నాకు కారుంది కాబట్టి సంతోషించాను. ఆ సాయంత్రం సందులో ఉండే ఏసీ మెకానిక్ అన్న ఆపాడు. జగిత్యాల వైపు మనిషి, ఈ సందులో పద్ధెనిమిదేళ్ళుగా ఉన్నాడు.

"సార్, గోడ కడితే మేం బస్సుకాడికి ఎట్ల పోవాలె? పొద్దుగాల నాలుగున్నరకు అరవై మందిమి ఆ జాగలకెళ్ళే నడుస్తం. లేకుంటే పెద్దరోడ్డు మలుపు తిరగాలె. ఆడ కార్లు కండ్లు మూసుకొని వస్తయ్."

ఎవరికి చెప్పాలో నాకూ తెలియదు. ఎదురింటి పెద్దాయన, రోజూ సలాం చెప్పుకునే స్థానికుడు, ఆయన్నడిగాం. "మీరంతా ఏదో ఆఫీసు కోసం వెతుకుతారు. మన ఏరియా మెంబరు మజ్లిస్ వారానికోసారి ఉంటుంది కదా. రండి, నేను తీసుకెళ్తాను" అన్నాడు.

పదకొండేళ్ళుగా ఆ తలుపు ముందునుంచి నడుస్తున్నాను. అది ఎవరైనా వెళ్ళి కూర్చోగల గది అని నాకు తెలియదు! బయట చెప్పులు విడవడం, ఒక్కొక్కరికీ కుడివైపు నుంచి చెయ్యి కలుపుకుంటూ రావడం, చిన్న కప్పులో ఏలకుల గహ్వా, చాలనుకుంటే కప్పు అటూ ఇటూ ఊపడం. మన పంచాయతీ అరుగే, కాకపోతే ఏసీ ఉంది.

నేను వృత్తిరీత్యా కన్సల్టెంటుని కదా, ఇంగ్లీషులో రెండు పేజీలు రాసుకెళ్ళాను. పాదచారుల భద్రత, సమగ్ర దృక్పథం, ఇంకా ఏవేవో. మొదటి పేరా సగంలోనే మెంబరుగారి కళ్ళు గోడ గడియారం మీదికి వెళ్ళాయి. అన్న నా మోచేయి గోకాడు. "మీరు గిట్ల ఇంగ్లీషుల చదివితె ఆయనకేం సమజైతది సార్, నేను జెప్త" అని, తన గల్ఫ్ అరబ్బీలో మూడే మాటలు చెప్పాడు. పొద్దున నాలుగున్నరకి అరవై మందిమి ఇటు నడుస్తాం. గోడొస్తే కార్ల మధ్య నడవాలి. మనిషి పట్టేంత సందు వదలండి, చాలు.

మెంబరు పెద్దాయన వైపు తిరిగి "నిజమేనా?" అన్నాడు. "ఫజ్ర్ నమాజుకి లేచేసరికి వీళ్ళ అడుగుల చప్పుడు వినపడుతుంది" అన్నాడాయన. అంతే. కాగితం మీద రాసుకున్నారు. మూడు నెలలకి గోడొచ్చింది, మధ్యలో మీటరున్నర సందు వదిలారు. దీపం కూడా అడిగాం, అది రాలేదు.

ఆ రోజు నేర్చుకున్నవి చెప్తాను, మీరే ఊళ్ళో ఉన్నా పనికొస్తాయేమో. ఒకసారికి ఒకటే అడగండి. చోటు కచ్చితంగా చెప్పండి, ఇక్కడైతే బిల్డింగు, రోడ్డు, బ్లాకు నంబర్లు. ఎంతమంది, ఏ వేళ, ఏం జరుగుతుంది అన్నది కళ్ళతో చూసినట్టు చెప్పండి, సిద్ధాంతాలొద్దు. బాధపడేవాడినే మాట్లాడనివ్వండి, మనం పక్కన నిలబడితే చాలు. ఆ ఊరివాళ్ళు ఒకరు "అవును, నిజమే" అనేలా చూసుకోండి, అది మన రెండు పేజీల కంటే బరువు. వాళ్ళ భాషలో ఒక చిన్న కాగితం ఇచ్చి రండి. బహ్రెయిన్లో తవాసుల్ అనే ప్రభుత్వ ఫిర్యాదుల వ్యవస్థ ఉంది, అందులోనూ పెట్టి నంబరు దాచుకోండి. ముఖ్యంగా, గోడ లేవకముందే వెళ్ళండి. పునాది పడ్డాక చెప్పే మాట ఎంత న్యాయమైనదైనా సణుగుడులాగే వినపడుతుంది.

ఇంతకీ నాకు సిగ్గేసింది ఇక్కడి గురించి కాదు, మనూరి గురించి. మనకక్కడ ఓటూ ఉంది, మాటా ఉంది. 1994 పంచాయతీరాజ్ చట్టం గ్రామసభ ఏడాదికి కనీసం రెండుసార్లు పెట్టమంది. తెలంగాణలో 2018 చట్టం రెండు నెలలకోసారి పెట్టమంది. మా ఊళ్ళో గ్రామసభ అంటే సంతకాల పుస్తకం ఇంటింటికీ తిరగడం. మా నాన్నగారు పడక్కుర్చీలో కూర్చునే "హాజరు" అయ్యేవారు. పట్టణాల్లో మాస్టర్ ప్లాన్ ముసాయిదా పెట్టి అభ్యంతరాలు చెప్పమంటారు. ఎంతమంది వెళ్ళి చూస్తాం? కామారెడ్డి గుర్తుందా? జనవరి 2023లో, తమ పొలాలు ముసాయిదాలో పారిశ్రామిక జోన్‌లో పడ్డాయని చుట్టుపక్కల రైతులు కలెక్టరేట్ ముందు రోడ్డెక్కారు. అదే నెల 20న మునిసిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాని వెనక్కి తీసుకోవాలని తీర్మానించింది. జగిత్యాలలోనూ అదే కథ. గెలిచారు, నిజమే. కానీ ప్లాను గీసేటప్పుడే ఆ ఊరి రచ్చబండ మీద మ్యాపు పరిచి, ఏ రంగు దేనికో తెలుగులో చెప్పి ఉంటే అంతదాకా వచ్చేదా? వినడం చివర్లో పెట్టుకుంటే అది వినడం కాదు, సర్దుబాటు.

"ఇవాళ ఉండి రేపు పోయేవాడి మాట ఎందుకు వినాలి?" అని మీలో కొందరనొచ్చు. హైదరాబాదులో ఉన్న ఒడియా, బీహారీ కూలీల గురించి మనమూ అంటాం కదా, అందుకే అడుగుతున్నాను. నా జవాబు ఒక్కటే. ఆ సందు ఇవాళ్టికీ ఉంది. మెకానిక్ అన్న లేడు. పోయిన ఏడాది ఇంటి యజమాని ఇల్లు బాగుచేయించుకుంటానని ఖాళీ చేయించాడు. ఆయన సిత్రా వైపు గదికి మారాడు, ఇప్పుడు పనికి ఇంకో గంట ముందు లేవాలి. ఆ గోడ సందులోంచి ఇప్పుడు నడిచేది ఎక్కువగా స్థానిక పిల్లలు, బడికి. దాన్ని అడిగిందెవరో వాళ్ళకి తెలియదు.

వచ్చే వారం దీపం సంగతి అడగడానికి మళ్ళీ మజ్లిస్‌కి వెళ్తున్నాను. ఈసారి కాగితం లేదు, అరబ్బీలో మూడు వాక్యాలు బట్టీ పడుతున్నాను. అన్నకి ఫోన్ చేసి ఉచ్చారణ దిద్దించుకుంటున్నాను. నవ్వుతున్నాడు.