మిర్చి చేలోకి వ్యాయామ పాఠమా?

ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి గుడికీ చర్చికీ మసీదుకూ పంపితే జనం వ్యాయామం మొదలుపెడతారని ఇప్పుడు కొందరు ఆరోగ్య నిపుణులు గట్టిగా నమ్ముతున్నారు. లెక్కలు కూడా వాళ్ల వైపే ఉన్నాయి. 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి, ఆడవాళ్లలోనైతే 57 శాతానికి చాలినంత శారీరక శ్రమ లేదని 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక తేల్చింది. ఆ లెక్కతో నాకు తగువు లేదు. దాన్ని పట్టుకుని భద్రాచలం దగ్గరి మా బూర్గంపాడుకు వస్తేనే పేచీ.

మార్చి నెలలో ఇక్కడ మిర్చి ఏరే ఆడకూలీని చూడండి. చీకటితోనే వండిపెట్టి, ట్రాలీ ఆటోలో నిలబడి చేను చేరుతుంది. పొద్దంతా వంగిన నడుం వంగినట్టే ఉంటుంది. ఇంటికొచ్చాక ఘాటుకు మండే వేళ్లకు కొబ్బరినూనె రాసుకుంటుంటే ఆశా ఫారం పట్టుకుని వస్తుంది. ముప్ఫై దాటిన ప్రతి మనిషికీ నింపాల్సిన ఫారం అది. పొగాకు, మందు, నడుం కొలత అయ్యాక వారానికి 150 నిమిషాల శ్రమ సంగతి.

"అక్కా, ఎక్సర్‌సైజు ఏమన్నా చేస్తవా?"

"మాకెక్కడిది చెల్లె, తీరికుంటే పండుకుంటం."

లేదు అని టిక్కు పడుతుంది, ముప్పు ఖాతాలో ఒక మార్కు కలుస్తుంది.

ప్రార్థనా స్థలాల్లో వ్యాయామం నేర్పాలన్న ఈ ఆలోచన అమెరికాలో బాగా వేళ్లూనింది. సౌత్ కరోలినాలో నల్లజాతివారి ఏఎంఈ (ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్) చర్చిల్లో ఇలాంటి కార్యక్రమం నడిచింది. అక్కడ దానికి అర్థముంది. కారు లేనిదే కదలని బతుకులు, పైగా ఆ చర్చి వాళ్లు సొంతంగా కట్టుకున్న సంస్థ, 1816 నుంచీ వాళ్లదే. ఇక్కడ గోదావరి దాటితే కనిపించే భద్రాద్రి రాముడి గుడి దేవాదాయ శాఖది. కోయగూడేల ఇలవేల్పులకు ప్రవచన మందిరాలు లేవు. భూమి పండుగకు రేలా పాటలతో రాత్రిళ్లు ఆడేవాళ్లకు కాళ్లూ చేతులూ ఆడించడం మనం నేర్పాలా?

పొలం పని వ్యాయామం కిందికి రాదని డాక్టర్లంటారు. నిజమే. విరామం లేని కాయకష్టం గుండెకు నడకంత మేలు చేయదని డెన్మార్క్ పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. అలాగైతే మందు విశ్రాంతి కదా, చేలో నీడ కదా, కూలి రేటు కదా! అలసిన ఒంటికి ఇంకో అరగంట నడక రాసివ్వడం ఏం వైద్యం?

ఇంకో ప్రమాదముంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. సికిల్ సెల్ రక్తహీనత గిరిజన గూడేల్లో ఉన్న జబ్బు. అది ఉన్నవాళ్లు ఎండలో, నీళ్లు తాగకుండా ఒళ్లు హూనం చేసుకుంటే కీళ్లు, ఎముకలు పట్టేసి నొప్పితో ఆసుపత్రి పాలవుతారు. 2023 జులై 1న కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద 40 ఏళ్లలోపు వారికి రక్తపరీక్షలు చేసి కార్డులు ఇవ్వాలి. ఆ కార్డు చూడకుండా ప్రార్థన అయ్యాక అందరినీ నిలబెట్టి ఒకే కసరత్తు చేయించే శిక్షణ నాకు అక్కర్లేదు. ఆశాకు నేర్పాల్సింది ఎవరిని ఆపాలో, ఎవరిని పరీక్షకు పంపాలో.

అసలు ఆ ఆశా సంగతేమిటి? 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అవార్డిచ్చింది. తెలంగాణలో 2023లో 18,000 రూపాయల స్థిర వేతనం ఇమ్మని ఆమె సమ్మెకు కూర్చోవాల్సి వచ్చింది. గర్భిణులు, టీకాలు, క్షయ, మలేరియా, సర్వేలు అన్నీ ఆమె నెత్తినే. వాటి మీద ఇప్పుడు ఆదివారం చర్చి డ్యూటీ.

కూర్చుని పనిచేసేవాళ్లు ఇక్కడ లేరనడం లేదు. సారపాక దుకాణాల్లో, ఆఫీసుల్లో, నాలాగా రాతబల్ల దగ్గర కావలసినంత మంది ఉన్నాం. షుగరు మాత్రలూ మాకే ఎక్కువ. మాకు చెప్పండి, గుడిలోనైనా సరే. గూడేనికి వెళ్లేటప్పుడు మాత్రం బీపీ మిషనుకు పనిచేసే బ్యాటరీలు, షుగరు పరీక్షకు స్ట్రిప్పులు, నెలకు సరిపడా మాత్రలు ఆశా సంచిలో ఉన్నాయో లేదో ముందు చూడండి.