పది ప్రశ్నలు ఒకేసారి: వేగమొక్కటే చాలదు

కంప్యూటరు ఒక్క క్షణంలో వేలమందికి జవాబు చెబుతుందని వింటాం, ఆశ్చర్యపోతాం. సైన్సు విద్యార్థి అంతటితో ఆగకూడదు. ఎలా చెబుతుంది? అన్ని పనులూ ఒకేసారి చేయవచ్చా? ఒకేసారి చేయకూడని పనులేమైనా ఉన్నాయా? నా దృష్టిలో ఈ మూడో ప్రశ్నే ముఖ్యమైనది. చాలామంది అడగనిదీ అదే.

క్రమపద్ధతిలో అమర్చిన సమాచార నిధిని డేటాబేసు అంటారు. దాన్ని మనం అడిగే ప్రశ్న పేరు క్వెరీ. అనేక క్వెరీలను ఏకకాలంలో నడిపే సాధనాలు నేడు ఉన్నాయి. ఇవి మేస్త్రీ వంటివి. పనిని ముక్కలు చేసి పలువురికి పంచుతాయి, వచ్చిన జవాబులను ఒకచోట చేరుస్తాయి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే ప్రసిద్ధ డేటాబేసుకు, ఒకే పెద్ద ప్రశ్నను కూడా ఇలా పలువురు పనివాళ్ళకు పంచే శక్తి 2016లో వచ్చింది.

మన అరకు కాఫీ తోటనే చూడండి. పండిన పళ్ళు కోయడానికి పదిమంది వచ్చారనుకుందాం. తలా ఒక వరుస పట్టుకుంటారు. ఒకరి పని మరొకరికి అడ్డురాదు. కాని కోసిన పళ్ళన్నీ ఒకే కాటా మీద తూయాలి గదా! ఒక్కరే అంతా చేస్తే కోతకు 80 నిమిషాలు, తూకానికి 20 నిమిషాలు, మొత్తం 100 నిమిషాలు పడుతుందనుకోండి. పదిమంది కోస్తే కోత 8 నిమిషాల్లో అయిపోతుంది. తూకానికి మాత్రం ఆ 20 నిమిషాలూ పట్టవలసిందే. మొత్తం 28 నిమిషాలు. మనుషులు పదిరెట్లయితే వేగం మూడున్నర రెట్లు మాత్రమే పెరిగింది! వెయ్యిమంది వచ్చినా 20 నిమిషాల కంటే తగ్గదు. కంప్యూటర్లకూ ఇదే లెక్క వర్తిస్తుందని అమెరికన్ ఇంజనీరు జీన్ ఆమ్డాల్ 1967లో చూపించాడు.

ఇదంతా వేగం సంగతి. అంతకంటే పెద్ద సంగతి మరొకటి ఉంది. అది న్యాయం.

ఒకప్పుడు రైలు సీట్ల రిజర్వేషను కాగితపు రిజిస్టర్లలో జరిగేది. రిజిస్టరు ఒక గుమాస్తా చేతిలో ఉంటే రెండోవాడు ఆగవలసిందే. 1980ల దశకం మధ్యలో ఢిల్లీలో ఈ పనిని కంప్యూటరుకు అప్పగించారు. తర్వాత తయారైన 'కాన్సర్ట్' అనే ప్రోగ్రామును 1994లో మొదట మన సికింద్రాబాదులోనే అమలుచేశారు. 1999 నాటికి సికింద్రాబాదు, ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై కేంద్రాలు ఐదూ ఒకదానితో ఒకటి కలిశాయి. ఏ ఊరి కౌంటరు నుంచైనా ఏ రైలుకైనా టిక్కెట్టు అడగవచ్చు.

ఇప్పుడు ఆలోచించండి. అరకు నుంచి విశాఖపట్నం వెళ్ళే రైల్లో ఒకే ఒక సీటు మిగిలింది. రెండు ఊళ్ళ కౌంటర్లు ఒకే క్షణంలో "ఖాళీ ఉందా?" అని అడిగాయి. ఇద్దరికీ "ఉంది" అనే జవాబు వచ్చింది. ఇద్దరూ డబ్బు కట్టారు. సీటు మాత్రం ఒక్కటే! ఆ ఇద్దరిలో ఒకరు విశాఖ ఆసుపత్రికి వెళుతున్న రోగి అయితే ఏం గతి?

దీనికి ఉపాయం మన రైలుమార్గమే చెబుతుంది. కొత్తవలస–కిరండూల్ మార్గాన్ని 1960ల దశకంలో ఒంటి దారిగా వేశారు. ఎదురుగా ఇనుప ఖనిజం బండి వస్తుంటే ప్రయాణికుల రైలు స్టేషనులో ఆగుతుంది. ఇలాంటి ఒంటి దారుల మీద వెనుకటి రోజుల్లో డ్రైవరుకు 'టోకెన్' అనే లోహపు గుండు ఇచ్చేవారు. రెండు స్టేషన్ల నడుమ ఒక్క టోకెనే బయటికి వస్తుంది. అది చేతిలో లేనిదే బండి కదలకూడదు. డేటాబేసులోనూ ఇంతే. సీటు రాసుకునే క్వెరీ ముందుగా ఆ సీటుకు 'తాళం' వేస్తుంది. పని ముగించి తాళం తీసేదాకా రెండో క్వెరీ వేచి ఉంటుంది. తీశాక "సీటు లేదు" అనే నిజమైన జవాబు పొందుతుంది.

అంటే అన్నింటినీ వరుసలో నిలబెట్టమని నేననడం లేదు. రైలు వేళలు ఒకేసారి వేయిమంది చూసినా ఎవరికీ నష్టం లేదు. చూడడం వేరు, మార్చడం వేరు. సీటు, రేషను బియ్యం, హాస్టల్లో చివరి చోటు వంటివి పంచేటప్పుడు ఒకరి తర్వాత ఒకరు రావడమే ధర్మం. వరుసలో నిలబడడం వెనుకబాటుతనం కాదు. ఏ పనిని విడదీయవచ్చో, ఏ పనిని వరుసలో ఉంచాలో తెలుసుకోవడమే అసలైన తెలివి. మన పాఠాలలో కంప్యూటరు వేగం గురించి చెప్పినంతగా ఈ వివేకం గురించి చెప్పడం లేదు. చెప్పాలి.

దీనికి కంప్యూటరే అక్కర్లేదు. ఐదు తరగతుల హాజరు పట్టీలు తీసుకోండి. ఫలానా పేరుగల పిల్లలు ఎందరున్నారో మొదట ఒక్కరే, తర్వాత ఐదుగురు కలిసి వెతకండి. సమయం రాసుకోండి. ఆ తర్వాత బల్లమీద 50 సుద్దముక్కలు ఉన్నాయని నల్లబల్లపై రాయండి. ఇద్దరు ఒకేసారి ఆ అంకె చూసుకుని, ఒకరు 10, మరొకరు 15 ముక్కలు తీసుకుని, ఎవరికి వారు మిగిలిన లెక్క రాయాలి. నల్లబల్ల మీది అంకె ఎంత? బల్లమీద సుద్దముక్కలు ఎన్ని? రెండూ కలవకపోతే ఎందుకు కలవలేదో మీరే చెప్పగలరు.