కోచ్‌లకూ గడువు పెట్టాలి

2024 నవంబర్‌లో కోచ్ రూబెన్ అమోరిమ్ స్పోర్టింగ్ లిస్బన్‌ను వదిలి మాంచెస్టర్ యునైటెడ్‌కు వెళ్లేనాటికి, ఆ పోర్చుగల్ ఫుట్‌బాల్ జట్టు లీగ్‌లో ఆడిన 11 మ్యాచ్‌లూ గెలిచి ఉంది. అంతకు కొద్ది రోజుల ముందే చాంపియన్స్ లీగ్‌లో మాంచెస్టర్ సిటీని 4-1తో చిత్తు చేసింది. ఆయన వెళ్లాక నెల తిరిగేసరికి అదే జట్టు వరుసగా నాలుగు మ్యాచ్‌లు ఓడింది. ఆటగాళ్లు వాళ్లే. మారింది గీత బయట నిలబడే మనిషి.

బి జట్టు కోచ్ జోవావ్ పెరీరాకు పగ్గాలిచ్చి, డిసెంబర్‌లోనే తీసేశారు. ఆయన్ను తప్పుపట్టడం అన్యాయం. నాలుగేళ్లకు పైగా ఒకే మనిషి పద్ధతికి అలవాటుపడిన జట్టు అది. పైగా అమోరిమ్ సహాయకులూ ఆయన వెంటే వెళ్లిపోయారు.

తర్వాత స్పోర్టింగ్ విటోరియా గిమరాయిష్ నుంచి రుయ్ బోర్జెస్‌ను తెచ్చుకుని లీగ్‌నూ, కప్‌నూ గెలిచింది. సంతోషమే. మరి గిమరాయిష్ సంగతేమిటి? అక్టోబర్‌లో యునైటెడ్ తన కోచ్ టెన్ హాగ్‌ను తొలగిస్తే, ఆ దెబ్బ చివరికి ఏ సంబంధమూ లేని ఈ చిన్న క్లబ్బుకు తగిలింది.

ఆటగాళ్ల బదిలీకి గడువులున్నాయి, కోచ్‌లకు లేవు. ఒప్పందంలో ఉన్న కోచ్‌ను సీజన్ ముగిసేదాకా మరో క్లబ్బు లాక్కుపోకుండా ఫిఫా నిబంధన తేవాలి. కోచ్‌ను తొలగించిన క్లబ్బు, అప్పటికి ఖాళీగా ఉన్నవారిలోంచే కొత్తవారిని ఎంచుకోవాలి.