గట్టు నుండి విడిపోయిన రాళ్లు

నిరుడు మెల్‌బోర్న్‌లో ఉన్న మా బావమరిది, మంచము, పొయ్యి అమర్చిన అద్దె వ్యాను తెచ్చి, "బావగారూ, మీరూ అక్కా సముద్రతీరం చూచి రండి" అని పంపాడు. అక్కడా బండ్లు మనవలె ఎడమ ప్రక్కనే నడుస్తాయి గనుక ధైర్యం చేశాము.

ఆ దారి పేరు గ్రేట్ ఓషన్ రోడ్. మొదటి ప్రపంచ యుద్ధం నుండి తిరిగివచ్చిన సైనికులు, చనిపోయిన తోటివారి జ్ఞాపకార్థం 1919 నుండి 1932 వరకు పలుగు పారలతో కొండ తొలిచి వేశారు.

గంటసేపు సంఘ విషయాలే మాట్లాడాము. తరువాత మాటలు లేవు. అప్పుడు మా ఇంటివారు, "ఇరవై ఏళ్లలో మీరు ఇంతసేపు నా ప్రక్కన కూర్చోవడం ఇదే మొదలు" అన్నారు. మా నోట మాట రాలేదు.

సాయంత్రం "పన్నెండుమంది అపొస్తలులు" అనే రాతి స్తంభాల యొద్ద ఆగాము. పేరుకే పన్నెండు. అవి ఒకప్పుడు గట్టుతో కలిసియున్న సున్నపురాయే. అలలు తొలిచి గుహ చేశాయి, గుహ కమాను అయింది, కమాను కూలి స్తంభం ఒంటరిగా మిగిలింది. 2005 జూలైలో ఒక స్తంభం కూలిపోయింది కూడా.

దంపతులారా, మనలను విడదీసేది పెద్ద తుపానే కానక్కరలేదు. సేవ అనో, పొలం అనో రోజూ తాకే చిన్న అల చాలు.

ఆ రాత్రి వ్యానులో టీ మేమే కాచి ఆమెకిచ్చాము.